గొంతు చూసి చెప్పలేం: అరకు కొండల్లో అయోడిన్‌ను కొలిచేదెలా?

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్ని ఇళ్లలో అయోడిన్ ఉప్పు వాడుతున్నారు? ఈ ప్రశ్నకు మన దగ్గర రెండు జవాబులున్నాయి. 2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే సుమారు 82 శాతం అంది. 2018-19 నాటి భారత అయోడిన్ సర్వే 63.9 శాతం దగ్గరే ఆగింది. మూడేళ్లలో అంతమంది ఉప్పు మార్చేశారనుకోవడానికి కారణమేమీ కనబడదు. తేడా ఎక్కువగా కొలతలోనే ఉంది. మొదటి సర్వే సిబ్బంది ఇంటింటికీ వెళ్లి ఉప్పు మీద చుక్క మందు వేసి ‘అయోడిన్ ఉందా, లేదా’ అని చూశారు. రెండో సర్వే ఉప్పును ప్రయోగశాలకు తెచ్చి ‘చాలినంత ఉందా’ అని లెక్క కట్టింది. ఉండటం వేరు, చాలినంత ఉండటం వేరు. ఆ రెండు అంకెల మధ్య మిగిలిన ఇళ్లలో ఉప్పుకు అయోడిన్ తగిలింది గానీ, ఒంటికి సరిపోయేంత లేదు.

రాష్ట్రం మొత్తానికే ఇంత తేడా వస్తే అరకు, పాడేరు, ముంచంగిపుట్టు కొండల మాటేమిటి? ఆ గూడేల్లో అయోడిన్ లోపం ఉందో లేదో, ఉంటే ఎంత ఉందో తేల్చాలంటే దేన్ని కొలవాలి? గొంతునా, మూత్రాన్నా, ఉప్పునా, రక్తాన్నా? ఒక్కో కొలత ఒక్కో సంగతి చెబుతుంది. ఒకదాన్ని ఇంకొకటిగా చదివితే మోసపోతాం.

సముద్రానికి దగ్గరే, అయోడిన్‌కు దూరం

అరకు లోయ విశాఖ తీరానికి రోడ్డు మీద 115 కిలోమీటర్ల దూరంలో, సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అయోడిన్‌కు అసలు పుట్టిల్లు సముద్రమే. నేలలో ఉన్న కాస్త అయోడిన్‌నూ వేల ఏళ్ల వానలు, వాగులు కడిగి మళ్లీ సముద్రానికే చేరుస్తాయి. వాన ఎక్కువ, వాలు ఎక్కువ ఉన్న కొండ నేలలకు ఈ నష్టం మరీ ఎక్కువ. నేలలో లేనిది పంటలో ఉండదు. ఆ గడ్డి మేసిన పశువు పాలలోనూ అంతంతే. కొండ మీద పండిన చోడి, సామ, వరి తిని, ఊట నీళ్లు తాగి బతికే ఇంటికి తిండితో వచ్చే అయోడిన్ తక్కువే. కూరగా వండుకునే వెదురు కొమ్ముల్లోని సయనైడ్ జాతి పదార్థాలు ఒంట్లో థయోసయనేట్‌గా మారి, ఉన్న అయోడిన్‌ను కూడా థైరాయిడ్ అందుకోకుండా అడ్డుపడతాయి. బాగా ఉడికించి నీళ్లు పారబోస్తే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. అయోడిన్ చాలినంత అందే ఇంటికైతే అదో సమస్యే కాదు.

మనిషికి కావలసింది ఎంత? పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణికి, పాలిచ్చే తల్లికి 250. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. జీవితకాలానికి కావలసినదంతా పోగేసినా చిన్న చెంచాడు కాదు. కానీ అది లేకపోతే థైరాయిడ్ హార్మోను తయారు కాదు. టీ4 అణువులో నాలుగు, టీ3 అణువులో మూడు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. సరుకు అందనప్పుడు, ఉన్న కాస్తా ఒడిసిపట్టడానికి గ్రంథి ఉబ్బుతుంది. అదే గొంతువాపు, డాక్టర్ల మాటలో గాయిటర్.

గొంతువాపు పైకి కనబడే సంగతి మాత్రమే. అసలు నష్టం గర్భంలో జరుగుతుంది. తొలి నెలల్లో బిడ్డ మెదడు పూర్తిగా తల్లి హార్మోను మీదే ఆధారపడుతుంది. అప్పుడు తీవ్రమైన కొరత వస్తే బిడ్డ చెవుడు, మూగతనం, బుద్ధిమాంద్యాలతో పుట్టవచ్చు. అంత తీవ్రం కాకపోయినా బడిలో చురుకుదనం తగ్గుతుంది. లోపం ఉన్న ప్రాంతాల పిల్లల తెలివితేటల స్కోరు సగటున 7 నుంచి 13 పాయింట్లు తక్కువని వేర్వేరు అధ్యయనాల సమీక్షలు చెప్పాయి. ఏ ఒక్క పిల్లవాణ్ని చూసీ ఇది పసిగట్టలేం. అందుకే ఈ విషయంలో మనిషికి పరీక్ష చేసి లాభం లేదు, జనాభాను కొలవాలి.

శ్రీకాకుళం డాక్టరు, కాంగ్డా లోయ

ఈ కొలతల శాస్త్రానికి మన దేశంలో పునాది వేసినవాడు తెలుగువాడే. వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి, కూనూరులోని పోషకాహార పరిశోధనాలయంలో పనిచేశారు. ఆ ప్రయోగశాలను మొదలుపెట్టినది రాబర్ట్ మెకారిసన్. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో గిల్గిత్ కొండల్లో గొంతువాపును పరిశోధించి, మురికి నీళ్లే దానికి కారణమని వాదించినవాడు ఆయనే. అదే ప్రయోగశాల 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది.

రామలింగస్వామి బృందం 1956లో హిమాచల్‌లోని కాంగ్డా లోయను ఎంచుకుంది. సుమారు లక్ష మంది జనాభాను మూడు మండలాలుగా విడదీశారు. ఒకదానికి పొటాషియం అయోడైడ్ కలిపిన ఉప్పు, ఇంకొకదానికి పొటాషియం అయోడేట్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు. ముందే బడిపిల్లల గొంతులు పరీక్షించి లెక్క రాసిపెట్టుకున్నారు. ఆరేళ్లకు మళ్లీ చూస్తే అయోడిన్ అందిన రెండు మండలాల్లో గొంతువాపు సగానికో అంతకన్నా తక్కువకో దిగింది. మామూలు ఉప్పు తిన్నచోట మార్పు లేదు. తర్వాత ఆ మూడో మండలానికీ అయోడిన్ ఉప్పు ఇస్తే అక్కడా తగ్గింది. దీని ఆధారంగానే 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1992లో దాని పేరును అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణ కార్యక్రమంగా మార్చారు. జబ్బు గొంతుది మాత్రమే కాదని అప్పటికి తేలిపోయింది. దేశంలో సర్వే చేసిన జిల్లాల్లో 300కు పైగా లోపం ఉన్నవేనని కూడా ఆ కార్యక్రమమే లెక్క తేల్చింది. హిమాలయాల జబ్బు అనుకున్నది మైదానాల్లో, తీర రాష్ట్రాల్లో కూడా కనబడింది.

వేళ్లతో గొంతు పరీక్ష

అన్నిటికన్నా పాత పద్ధతి చేతి వేళ్లతో తడిమి చూడటం. 6 నుంచి 12 ఏళ్ల బడిపిల్లలను తీసుకుంటారు. ఆ వయసు పిల్లలు ఒకేచోట దొరుకుతారు, వాళ్ల గ్రంథి కొరతకు త్వరగా స్పందిస్తుంది. పరీక్షించే మనిషి బిడ్డకు ఎదురుగా కూర్చుని, రెండు బొటనవేళ్లూ కంఠమణి కిందుగా శ్వాసనాళానికి అటూ ఇటూ ఆనించి, ‘గుటక వెయ్యమ్మా’ అంటారు. గుటకతో పాటు గ్రంథి పైకీ కిందికీ కదులుతుంది. ఒక్కో పక్క తమ్మె ఆ బిడ్డ బొటనవేలి చివరి కణుపు కన్నా పెద్దగా ఉంటే గొంతువాపు ఉన్నట్టే. పరీక్షించేవారి వేలు కాదు, బిడ్డ వేలే కొలబద్ద. తడిమితే తెలిసి కంటికి కనబడకపోతే ఒకటో దశ, తల మామూలుగా నిలిపినా కనబడితే రెండో దశ. రెండూ కలిపి నూటికి 5 దాటితే ఆ ప్రాంతానికి అయోడిన్ లోపం ఉన్నట్టు లెక్క. 30 దాటితే తీవ్రం.

పైసా ఖర్చు లేని ఈ పద్ధతిలో రెండు లోపాలున్నాయి. ఒకటో దశ దగ్గర ఇద్దరు డాక్టర్లు ఒకే బిడ్డను చూసి చెరో మాట చెబుతారు. అల్ట్రాసౌండ్ పెడితే ఆ తగవు తీరుతుంది. రెండోది ఇంకా పెద్దది: గొంతు చెప్పేది పాత కథ. ఉప్పు మారిన మర్నాడే వాపు దిగదు, నెలలు, ఏళ్లు పడుతుంది. ముసలివాళ్ల గొంతులో గట్టిపడిన గడ్డ అసలు పోకపోవచ్చు. కాబట్టి సంతలో గొంతు ముందు గడ్డతో కనబడిన అవ్వను చూసి ‘ఈ కొండల్లో ఇప్పటికీ అయోడిన్ లేదు’ అనలేం. పిల్లల గొంతులు నున్నగా ఉన్నాయని ‘అంతా బాగుంది’ అనీ అనలేం.

మూత్రం చెప్పే లెక్క

తిన్న అయోడిన్‌లో నూటికి 90 వంతులకు పైగా ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో బయటికి పోతుంది. అందువల్ల ఈ మధ్య ఎంత తిన్నారో మూత్రమే చెబుతుంది. సూది అక్కర్లేదు, పరగడుపు అక్కర్లేదు. ఎప్పుడో ఒకప్పటి కొద్దిపాటి నమూనా చిన్న సీసాలో పడితే చాలు. మూత గట్టిగా ఉంటే కొండ దారుల్లో జీపు కుదుపులకు కూడా ఏమీ కాదు.

ప్రయోగశాలలో జరిగేది చూడముచ్చటైన రసాయన చర్య. 1930లలో శాండెల్, కోల్తాఫ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని కనిపెట్టారు. సీరిక్ అమ్మోనియం సల్ఫేట్ ద్రావణం పసుపు రంగులో ఉంటుంది. దానికి ఆర్సీనియస్ ఆమ్లం కలిపితే రంగు పోతుంది, కానీ చాలా నెమ్మదిగా. అయోడైడ్ ఒక్క రవ్వ ఉన్నా ఆ చర్య వేగం అందుకుంటుంది. ముందుగా మూత్రాన్ని అమ్మోనియం పర్సల్ఫేట్‌తో వేడిచేసి అడ్డుతగిలే పదార్థాలను పోగొడతారు. తర్వాత రెండు ద్రావణాలూ కలిపి, నిర్ణీత సమయానికి పసుపు ఎంత మిగిలిందో స్పెక్ట్రోఫోటోమీటరులో చూస్తారు. రంగు ఎంత త్వరగా విరిగితే అయోడిన్ అంత ఎక్కువ. లీటరులో మైక్రోగ్రాములను పట్టుకునేంత సూక్ష్మమైన పరీక్ష కనుక ఆ గదిలో ఎవరి వేలికో పూసుకున్న బీటాడిన్ కూడా ఫలితాన్ని పాడుచేయగలదు. ఆర్సెనిక్ విషం కావడంతో పని చేసేవాళ్లకూ, పారబోసే నీళ్లకూ జాగ్రత్త కావాలి.

ఫలితం వచ్చాక దాన్ని చదవడంలోనే చాలామంది పొరపడతారు. ఒక మనిషి మూత్రంలో అయోడిన్ పూటపూటకూ మారుతుంది. నీళ్లు ఎక్కువ తాగితే పలచబడుతుంది, చేపల కూర తింటే పెరుగుతుంది. ఉదాహరణకు ఐదుగురు పిల్లలకు 40, 60, 110, 130, 900 వచ్చాయనుకుందాం. సగటు కడితే 248. ఆ 900 వచ్చిన ఒక్క బిడ్డ అందరి లెక్కనూ ఎత్తేసింది. వరుసలో మధ్యలో ఉన్న విలువ 110. దీన్నే మధ్యగతం అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చూడమనేది దీన్నే. బడిపిల్లల్లో మధ్యగతం లీటరుకు 100 నుంచి 299 మైక్రోగ్రాముల మధ్య ఉంటే ఆ జనాభాకు అయోడిన్ సరిపోతున్నట్టు. 100 కన్నా తక్కువైతే లోపం, 20 లోపైతే తీవ్ర లోపం. 300 దాటితే ఎక్కువైనట్టే, అదీ థైరాయిడ్‌కు మంచిది కాదు. గర్భిణుల్లో మాత్రం 150 కన్నా తగ్గకూడదు. 40 వచ్చిన బిడ్డను పట్టుకుని ‘నీకు లోపం ఉంది’ అనడానికి వీల్లేదు. రేపు అదే బిడ్డకు 140 రావచ్చు.

ఉప్పు: కిట్టు, బ్యూరెట్

2006 మే 17 నుంచి దేశంలో తినే ఉప్పును అయోడిన్ లేకుండా అమ్మడం నేరం. ఆ నిబంధన వచ్చినప్పుడు తయారీ దగ్గర కిలోకు 30 మిల్లీగ్రాములు, అంటే 30 పీపీఎం, ఇంటికి చేరేసరికి కనీసం 15 పీపీఎం ఉండాలన్నారు. దారిలో సగం పోతుందని చట్టమే ఒప్పుకున్నట్టు లెక్క. అయోడేట్ గట్టిదే అయినా తేమ దాన్ని తినేస్తుంది. వానాకాలంలో కొండ దుకాణంలో మూత విప్పిన బస్తా, పొయ్యి పక్కన మూతలేని డబ్బా, వండే ముందు గల్లుప్పును నీళ్లలో కడిగే అలవాటు, ఇవన్నీ అయోడిన్‌ను పోగొట్టేవే. పశువులకనీ, పరిశ్రమలకనీ అమ్మే ఉప్పుకు ఈ చట్టం వర్తించదు. సంతల్లో అది తినే ఉప్పులో కలిసిపోతే పట్టుకునేవాళ్లు తక్కువ. ఎండు చేపలకు పట్టించే ఉప్పు సంగతి సరేసరి.

ఊళ్లో ఉప్పును చూడటానికి ఆశ కార్యకర్త చేతికి చిన్న కిట్టు ఇస్తారు. లోపం ఉన్న జిల్లాల్లో నెలకు 50 ఇళ్ల ఉప్పు పరీక్షిస్తే ఆమెకు 25 రూపాయల ప్రోత్సాహకం. చెంచాడు ఉప్పు మీద గంజి ద్రావణం చుక్క వేస్తే ఊదారంగు వస్తుంది. రంగు రాకపోతే అయోడిన్ లేదు. అంతవరకు ఈ కిట్టును నమ్మవచ్చు. రంగు ముదురును బట్టి 7 పీపీఎమా, 15 పీపీఎమా అని చెప్పమంటే అది చెప్పలేదు.

చెప్పగలిగేది టైట్రేషన్. పది గ్రాముల ఉప్పును నీళ్లలో కరిగించి, సల్ఫ్యూరిక్ ఆమ్లం, పొటాషియం అయోడైడ్ కలిపి పది నిమిషాలు చీకట్లో ఉంచుతారు. విడుదలైన అయోడిన్‌తో ద్రావణం పసుపెక్కుతుంది. బ్యూరెట్ నుంచి సోడియం థయోసల్ఫేట్‌ను చుక్కచుక్కగా వదులుతారు. పసుపు పలచబడగానే గంజి కలిపితే ముదురు నీలం వస్తుంది. ఇంకా చుక్కలు వేస్తూ నీలం పూర్తిగా పోయిన క్షణాన బ్యూరెట్ కొలత చదువుతారు. 0.005 నార్మల్ ద్రావణం వాడితే, ఆ మిల్లీలీటర్లను 10.58తో హెచ్చిస్తే పీపీఎం వచ్చేస్తుంది. 2 మిల్లీలీటర్లు పడితే 21 పీపీఎం, మంచి ఉప్పు. అర మిల్లీలీటరుకే నీలం పోతే 5 పీపీఎం. కిట్టు ఈ ఉప్పుకు కూడా రంగు చూపిస్తుంది, కానీ దాన్ని తిన్న గర్భిణికి దక్కేది కావలసిన దాంట్లో ఏ మూలకూ రాదు.

వ్యాసం మొదట్లోని 82కూ 63.9కీ తేడా వచ్చింది ఇక్కడే. భారత అయోడిన్ సర్వేలో దేశం మొత్తం మీద 76.3 శాతం ఇళ్లలో చాలినంత అయోడిన్ ఉన్న ఉప్పు దొరికింది. అన్నిటికన్నా అడుగున తమిళనాడు 61.9, తర్వాత ఆంధ్రప్రదేశ్, రాజస్థాన్ 65.5, ఒడిశా 65.8. ఉప్పు పండించే రాష్ట్రాలే ఈ వరుసలో ఉండటం గమనించాలి. ఉప్పు మడి దగ్గరున్నచోట మరలో పడని గల్లుప్పు చవగ్గా దొరుకుతుంది. అరకు ప్రాంతపు గూడేలు ఆంధ్ర, ఒడిశా రెండు రాష్ట్రాల సంతలకూ వెళ్తాయి. రెండూ ఈ జాబితాలో అడుగునే ఉన్నాయి.

రక్తపు చుక్క

పెద్దవాళ్లకు టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పని చేయించే హార్మోను) పరీక్ష చేసి ఊరి అయోడిన్‌ను అంచనా వేయవచ్చా? కుదరదు. లోపం ఓ మోస్తరుగా ఉంటే టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంటుంది. పైగా పట్నాల్లో థైరాయిడ్ మాత్ర వేసుకునే చాలామందికి అయోడిన్ కొరత లేదు. సొంత రోగనిరోధక వ్యవస్థే గ్రంథి మీద తిరగబడింది. వాళ్లకు ఉప్పు మందు కాదు.

పసికందుల విషయం వేరు. పుట్టిన బిడ్డ మడమ నుంచి ఒక చుక్క రక్తాన్ని వడపోత కాగితం మీద అద్ది ఆరబెట్టి టీఎస్‌హెచ్ చూస్తారు. 5 యూనిట్లు దాటినవాళ్లు నూటికి ముగ్గురి కన్నా తక్కువ ఉంటే ఆ ప్రాంతపు తల్లులకు అయోడిన్ సరిపోతున్నట్టే. కానీ పుట్టిన మొదటి రోజుల్లో టీఎస్‌హెచ్ సహజంగానే పైకి ఎగబాకుతుంది, కనుక మూడు నుంచి ఐదు రోజుల మధ్య తీయడం మేలు. కాన్పైన మర్నాడే ఇంటికి పంపేస్తే, లేదా కాన్పు గూడెంలోనే అయితే ఆ చుక్క దొరకదు. కాన్పులో తల్లికి అయోడిన్ మందు పూసినా బిడ్డ టీఎస్‌హెచ్ పెరుగుతుంది. రోడ్డు లేక డోలీలో గర్భిణిని మోసుకొచ్చే ఊళ్లున్న జిల్లాలో ఈ కొలత తేలిక కాదు.

ఆశ్రమ పాఠశాల దగ్గర చిక్కు

అరకు కొండల్లో మూత్రం నమూనాలు ఎక్కడ తీస్తారు? సర్వే పద్ధతి ప్రకారం జనాభాకు తగ్గ నిష్పత్తిలో 30 ఊళ్లు ఎంచుకుని అక్కడి బడులకు వెళ్తారు. మన్యంలో బడి అంటే చాలాచోట్ల గిరిజన ఆశ్రమ పాఠశాలే. పిల్లలు అక్కడే ఉండి, అక్కడి వంటశాల అన్నమే తింటారు. ఆ వంటకు వచ్చే ఉప్పు సర్కారు సరఫరాలో వచ్చేది. కాబట్టి వాళ్ల మూత్రం హాస్టల్ ఉప్పు సంగతి చెబుతుంది. కొండ మీద ఇంట్లో కడుపుతో ఉన్న వాళ్లమ్మ తింటున్న సంత ఉప్పు గురించి ఒక్క ముక్కా చెప్పదు. హాస్టల్ ఉప్పు మంచిదైతే సర్వే కాగితం మీద కొండలు ఆరోగ్యంగా కనబడతాయి. అసలు నష్టం జరిగే చోటు మాత్రం లెక్కకు అందదు.

దీనికి విరుగుడు పెద్ద కష్టమేమీ కాదు. బడిపిల్లలతో పాటు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు పరీక్షలకు వచ్చే గర్భిణుల నమూనాలు విడిగా తీయాలి. ఇంట్లో ఉండి బడికి వచ్చే పిల్లలను, హాస్టల్ పిల్లలను వేరువేరుగా లెక్క కట్టాలి. సంతలో అమ్మే ఉప్పును, గిరిజన సహకార సంస్థ డిపోల ఉప్పును, ఇంటి డబ్బాలోని ఉప్పును మూడుచోట్లా తీసి టైట్రేషన్ చేస్తే అయోడిన్ ఎక్కడ కారిపోతోందో తెలిసిపోతుంది. డిపోలో 30 ఉండి డబ్బాలో 8 ఉంటే తప్పు నిల్వలో ఉంది. డిపోలోనే 8 ఉంటే తప్పు సరఫరాలో ఉంది. ఒకదానికి ఇల్లాలితో మాట్లాడాలి, రెండోదానికి కాంట్రాక్టరుతో.

ఉప్పు తగ్గించమని డాక్టర్లు చెబుతుంటే అయోడిన్ ఉప్పు తినమనడం ఏమిటన్న సందేహం కొందరికి వస్తుంది. ఇందులో వైరుధ్యం లేదు. 30 పీపీఎం ఉన్న ఉప్పు రోజుకు 5 గ్రాములు తిన్నా 150 మైక్రోగ్రాములు అందుతాయి. 15 పీపీఎం ఉప్పయితే అందుకు 10 గ్రాములు తినాలి. ఉప్పు తగ్గించుకోవాలంటే ముందు ఉప్పు మంచిదై ఉండాలి.

పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకు ముందు ఈ మన్యం లెక్కలు విశాఖ నగరం, అనకాపల్లి మైదానాలతో కలిసి ఒకే జిల్లా సగటులో పడేవి. ఇప్పుడా సాకు లేదు. జాతీయ కార్యక్రమం నిబంధన ప్రకారం ప్రతి అయిదేళ్లకూ జిల్లాను మళ్లీ సర్వే చేయాలి. ఆ సర్వే నివేదిక వచ్చినప్పుడు పంచాయతీలు, గిరిజన సంఘాలు, విలేకరులు మూడే మూడు ప్రశ్నలు అడగాలి: ఉప్పును కిట్టుతో చూశారా, టైట్రేషన్ చేశారా? మూత్రం ఎవరిది, హాస్టల్ పిల్లలదా, గర్భిణులదా? చెప్పింది సగటా, మధ్యగతమా? వీటికి జవాబు లేని శాతం ఎంత పెద్దదైనా అరకు తల్లికి పనికిరాదు.